అటాచ్ అంటే

మారేడ్‌పల్లి, మంగళవారం రాత్రి

పక్కింటి సరిత పొద్దున గేటు బయటే నిలబడి చెప్పేసింది. "మా చిన్ని మీకు మస్తు అటాచ్ అయింది ఆంటీ. నిద్రల సుత మిమ్మల్నే పిలుస్తుంది. నాకు జెర పరేషాన్ అయితుంది. ఇయ్యాల్టి నుంచి బోయిగూడల మా అక్క దగ్గర ఉంచుతా."

"మంచిదే కదమ్మా" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. తల్లి ఆఫీసుకు వెళ్ళాక ఆ పిల్ల పగలంతా నా దగ్గరే ఉండేది.

రిటైరయినా ఇంగ్లిష్ టీచరు బుద్ధి పోలేదు. మధ్యాహ్నం డిక్షనరీ తీసి 'అటాచ్' అన్న మాట ఎక్కడ పుట్టిందో చూశాను. మమకారం అన్న అర్థం చాలా ఆలస్యంగా వచ్చిందట. అంతకుముందు జప్తు చేయడమట. ఇంకా వెనక్కి వెళ్తే బహుశా నేలలో పాతిన కట్టుకొయ్యట. మరి ఇక్కడ కొయ్య ఎవరు, కట్టేసింది ఎవరిని? తన పిల్లను నేను జప్తు చేసుకున్నానని సరితకు అనిపించిందా? నేను అన్నం పెట్టాను, చిన్న ప్రార్థన చెప్పించి నిద్రపుచ్చాను. అంతే. అంతేనా?

ఏమీ తేలలేదు. ఇందాక గేటు వేయడానికి వెళ్ళాను. చిన్ని చేతికి అందాలని పోయిన వేసవిలో గడియను బాగా కిందికి పెట్టించాను. ఇవాళ వంగేసరికి నడుం పట్టేసింది. ఇన్నాళ్ళూ నేను ఒక్కసారీ వంగలేదని అప్పుడు తెలిసింది. రోజూ ఇంటికి వెళ్తూ ఆ గడియ వేసేది చిన్నే.