ఖాళీ గడిలోని పిల్లలు

టాల్బర్ట్స్ ఫెర్రీ, మిసిసిపి
2024 అక్టోబర్ 6, ఆదివారం, ఆరాధన ముగిశాక

సోదరి వర్నెల్ హాడ్లీకి,

మనలను పేరుపెట్టి పిలిచిన ప్రభువు నామంలో వందనాలు. నీ మోకాలి నొప్పి తగ్గిందని విని స్తోత్రం చెప్పాను. నువ్వు వెళ్ళిపోయాక మన పాటలవాళ్ళు శ్రుతిలో పడిందే లేదు.

ఇక అసలు సంగతి. విశ్వవిద్యాలయంలో విద్యార్థుల గణాంకాలు చూసే విభాగంలో నువ్వు తయారుచేసిన పట్టిక పేపర్లో చూశాను. కొత్తగా చేరిన మూడు వందల మందిలో నల్లవాళ్ళు నిరుడు ముప్పై ముగ్గురు, ఈ ఏడు ఇరవై ఒక్కరు. అది పట్టుకుని మీ డీన్, మన పిల్లలకు లెక్కలు చెప్పే గదిని మూసేస్తానంటున్నాడు. అది తేల్చడానికి గురువారం కమిటీ కూర్చుంటుంది. ఆ గది లేకపోతే నా మనవరాలు టమీరా లెక్కల పరీక్ష గట్టెక్కదు. గట్టెక్కకపోతే దాని నర్సింగ్ చదువు అక్కడితో సరి.

మంగలి క్లీవన్ నాకు గడ్డం గీస్తూ ఇకిలించి, "ఏం బోధకుడు గారూ, మన పిల్లల బుర్రలు తుప్పు పట్టాయా?" అన్నాడు. సగం గడ్డంతోనే లేచి పేపరు వాడి ముక్కు కింద పెట్టి, "చివరి వరస కూడా చదవరా" అన్నాను. జాతి చెప్పనివాళ్ళు నిరుడు తొమ్మిది మంది, ఈ ఏడు ఇరవై ఒక్కరు! "ఇక్కడ పన్నెండు మంది తగ్గితే అక్కడ పన్నెండు మంది పెరిగారు. పిల్లలు పోయారా, కనపడటం లేదా?" అన్నాను. వాడు కత్తెర వెతుక్కున్నాడు.

నీకు ఫోన్ చేస్తే, "ఓబీ అన్నా, ఫారంలో జాతి గడి ఖాళీగా వదిలినవాళ్ళ రంగు నేను ఊహించి వెయ్యలేను. అందులో తెల్లపిల్లలుంటేనో?" అన్నావు. న్యాయమే. మరి ఊహించలేనిదానివి "తగ్గారు" అని ఎలా రాశావమ్మా? "తెలియదు" అని రాయి. ఒక గొర్రె కనపడనప్పుడు కాపరి, మంద తగ్గిందని రాసుకుని పడుకోలేదు. వెతకడానికి లేచాడు. డీన్ ముఖం మీదే ఆ మాట చెప్పు. నువ్వు చెప్పకపోతే నేనే వచ్చి చెప్తాను. నన్ను బయటికి నెట్టడానికి ఇద్దరు చాలరని కూడా చెప్పు.

ఏ గడిలోనూ పట్టని నీ అన్న,
ఓబడయా ప్రూయిట్

తా.క. ఇంతసేపూ సగమే చెప్పాను. కాలేజీల్లో చేర్చుకునేటప్పుడు రంగు చూడకూడదని సుప్రీం కోర్టు అన్నాక, నిరుడు చలికాలంలో నేనే చర్చి వేదిక మీద బల్ల గుద్ది మరీ చెప్పాను: "చూడనన్నవాళ్ళకు చూపించకండి! గడి ఖాళీగా వదిలెయ్యండి! దావీదు జనాన్ని లెక్కపెట్టినందుకే తెగులు వచ్చింది!" మోషే కూడా లెక్కపెట్టాడనీ, పెట్టమన్నది దేవుడేననీ ఆ రోజు నాకు గుర్తు రాలేదు. నిన్న టమీరా, "నువ్వు చెప్పావనే కదా తాతా వదిలేశాను" అంది. అలా నా మాట విన్నవాళ్ళు దానితో కలిపి పది మంది. ఈ రోజు ఆరాధన అయ్యాక పదిమందీ కొత్త ఫారాల్లో ఆ గడి నింపి సంతకాలు పెట్టారు. ఈ కవరులోనే ఉన్నాయి. ఆ పన్నెండు మందిలో మిగతా ఇద్దరెవరో నాకు తెలియదు, ఊహించను.

గురువారం నా తప్పును నా పేరుతో సహా పైకి చదువు. తర్వాత ఆ పదిమందినీ పేరుపేరునా పిలువు. తలుపు బయటే నిలబడి ఉంటారు, అందరికంటే ముందు టమీరా. పలుకుతారు.