ప్రెసిడెంటు రెండో ఓటు

నాయనా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. నువ్వు కూలి అడక్కుండా తవ్విన పాలెం బావి, రాయి తగిలిన చోటే ఆగి ఉంది. అమ్మ ఇంకా వాగులో చెలమ తోడుకునే నీళ్లు తెస్తోంది.

"మళ్లా ఈయన్నే ప్రెసిడెంటును చెయ్యాల. అప్పుడే మన బావి పూర్తయితాది" అని చివరిదాకా అన్నావు. పోయిన నెల పంచాయతీ ఎన్నికలో చావడి ముందు అందరూ చేతులెత్తుతుంటే, నీ మాట మీద నేనూ ఎత్తాను.

నిన్న బోర్డు మీటింగులో ఆ రాయిని మందు పెట్టి పేల్చే సంగతి వచ్చింది. నలుగురు మెంబర్లు సరే అన్నారు, నలుగురు వద్దన్నారు. ప్రెసిడెంటు బయటికొచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నేనేం జేసేదిరా అబ్బయ్యా, సగం సగమైపోయినారు. మీ నాయన ఉంటే అర్థం చేసుకునేటోడు."

నిజమే అనుకుని దండం పెట్టాను.

ఆయన వెళ్లాక, అరుగు మీద బీడీ ముట్టించుకుంటున్న గుమాస్తా మామ నవ్వాడు. "దండమెందుకురా? సమానమైతే ప్రెసిడెంటుకు ఇంకో ఓటుంటాది. ఆయన చేని దాకా రోడ్డు ఎట్ల పడిందనుకున్నావు?"

"మరి ఇప్పుడెందుకు వెయ్యలే, మామా?"

"బావి పూర్తయితే, మూడోసారి మీ పాలెమోళ్లు దేనికి చెయ్యెత్తుతారురా?"

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. "ఏమన్నాడు?" అని అడిగింది.

"సగం సగమైపోయినారంట" అన్నాను. రెండో ఓటు సంగతి చెప్పలేదు. నువ్వు నమ్మిన మనిషి కదా. ఆమె కడవ తీసుకుని వాగుకు పోయింది.