ముట్టుకోకూడని బంటు

అమ్మడూ,

అమ్మమ్మ ఆశీస్సులు. మీ అమ్మకు మోకాలి వాపు తీసిందా? మీ నాన్నకు నిద్ర పడుతోందా? నీ దగ్గు ఎలా ఉంది? నాకు గుండెదడ తప్ప అంతా కులాసా. ఆ దడ కూడా నీ వల్లే. ఆదివారం చదరంగం ఆట గెలిస్తే జట్టులో చోటిస్తారని, ఇలా ఆడతానని ఎత్తులు రాసి పంపావు కదా. ఎదురింటి టైలరు బల్ల మీద పేర్చి చూపించాడు. రెండో ఎత్తుకే బంటును ఊరికే వదిలేస్తావా! చీపురు కొన్నా బేరమాడే ఇంట్లో పుట్టి ఇదేం బుద్ధే?

ఇట్లు,
నిద్రలేని అమ్మమ్మ

తా.క. టైలరు పది నిమిషాలు నవ్వాడు. నా జాకెట్టు అలాగే పక్కన పడేశాడు.

—

అమ్మమ్మకు నమస్కారాలు.

అందరూ బాగున్నారు. నా దగ్గు తగ్గింది, నీ ఉత్తరం చూసి మళ్ళీ మొదలైంది. అది దానం కాదే, ఎర! తిన్నవాళ్ళ రాజు మీదికి నా బలగమంతా దూకుతుంది. ఒక్కొక్కరికి పదే నిమిషాలు, తేరుకునే వ్యవధి ఉండదు. రెండు చేతులూ ఒకే పొడవు కుట్టలేని టైలరా నాకు చెప్పేది? ఆదివారం నా ఎదుట కూర్చునేది మీ పళ్ళ డాక్టరే. నువ్వు నోరు మెదపకు.

నీ మనవరాలు

తా.క. ముఖ్యంగా ఆయన కుర్చీలో.

—

అమ్మడూ,

ఆశీస్సులు. నోరు మెదపలేదు, కార్డు రాశాను. "డాక్టరుగారూ, మా పిల్ల కంగారు మనిషి. రెండో ఎత్తుకే రాజు పక్కనున్న బంటును మీ ముందు పెడుతుంది. తెలియని పిల్ల, దాన్ని తినకండి" అన్నాను. ఆయన నాకు కట్టిన పళ్ళతో రొట్టె ముక్క కూడా కొరకలేను. అలాంటివాడికి నువ్వు భయపడటమేమిటి?

అమ్మమ్మ

తా.క. పోస్టులో ఆలస్యమవుతుందేమోనని నేనే వెళ్ళి చేతికిచ్చాను.

—

అమ్మమ్మా,

నీ ఉత్తరం శనివారం అందింది. ఆర్నెల్ల సాధన బూడిదలో పోశావని ఏడ్చాను. కొత్తది నేర్చుకునే వ్యవధి లేక అదే ఆడాను. డాక్టరుగారు బంటును చూశారు, నన్ను చూశారు, చెమట తుడుచుకున్నారు. ముసలావిడ చేత ఇంత అమాయకంగా రాయించారంటే తింటే ముప్పా, తినకపోతే ముప్పా అని ఆయన మథన. ఆ ఒక్క ఎత్తు దగ్గరే ఆరు నిమిషాలు పోగొట్టుకున్నారు. చివరికి తాను గెలిచే ఆటలో గడియారంలో సమయం అయిపోయి ఓడిపోయారు. జట్టులో చోటు నాదే!

"ఇంత ఘనమైన ఎత్తుగడ మీకు నేర్పింది ఆవిడేనా?" అని అడిగారు. నీకు గుర్రం ఎటు దూకుతుందో కూడా తెలియదన్నాను. ససేమిరా నమ్మలేదు. నీ దగ్గర పాఠాలు చెప్పించుకుంటారట.

నీ మనవరాలు

తా.క. ఆయన్ను వెంటబెట్టుకుని ఈ నెల పధ్నాలుగు, బుధవారం, ఉదయం పదింటికి వస్తున్నాను.