టైలర్ పిన్ని కట్టిన నీలం దారం

అమ్మకు,

ఇక్కడ నాన్నా నేనూ బాగున్నాం. నాన్నకు దగ్గు తగ్గింది, విసుగు మాత్రం తగ్గలేదు. అక్క లేచి తిరుగుతోందనీ, పాప బరువు పెరిగిందనీ రాశావు. నాన్న ఆ వాక్యం రెండుసార్లు చదివించుకుని, "ఎంత పెరిగిందో రాయలేదేం? ఇరవై ఏళ్లు కాటా పక్కన పనిచేసిన మనిషేనా?" అన్నాడు. ఈసారి అంకెతో సహా రాయి.

నీ ఉత్తరం అంది పది రోజులైంది. జవాబు ఎందుకు ఆలస్యమైందో చదువుతుంటే నీకే తెలుస్తుంది. నువ్వు మూడు ప్రశ్నలడిగావు.

మొదటిది పొగ గురించి. తగ్గింది. చెత్త వేరుచేయడం మొదలుపెట్టకముందు మన వార్డు నుంచి డంపింగ్ యార్డుకు రోజూ ఆరు బండ్లు వెళ్లేవి, ఇప్పుడు రెండే. మధ్యలో కొన్నాళ్లు నాలుగయ్యాయి, అదెందుకో కింద రాస్తాను. తగలబెట్టడానికి అంత చెత్త లేదు కాబట్టి బడివాళ్లు యార్డు వైపు కిటికీలు తెరుస్తున్నారు. వంటింటి తడి చెత్త, మనం వేరుచేసే పని చేసే షెడ్డు వెనక గుంతల్లో ఎరువవుతోంది. నర్సరీవాళ్లు అడిగి మరీ పట్టుకుపోతున్నారు. మా పదకొండు మంది జీతాలు సీసాలు, డబ్బాలు, కాగితం అమ్మితే వచ్చేవే. అందులో సగం పైగా కాగితానిదే.

రెండోది గ్లౌజులు. రెండు చేతులకూ వేసుకుంటున్నాను. మందపాటి రబ్బరువి, కొత్తవి. నువ్వు ఎడమ చేతిది తీసేసి పని చేస్తావని నీ బొటనవేలి మీద గాట్లు చూసి ఎన్నిసార్లు పోట్లాడానో గుర్తుంది కదా. నువ్వు అక్క పురుటికని వెళ్లాక నీ బల్ల దగ్గర నన్నే నిలబెట్టారు. నీలా మాత్రం చేయకూడదని మొదటి రోజే అనుకున్నాను.

మూడోది. "మిల్లు నుంచి తిరిగొచ్చిన కప్పులకు దారం కట్టి ఉందా?" అని అడిగావు.

ఉందమ్మా. నీలం దారం.

పోయిన ఉత్తరంలో నీకు సగమే రాశాను. కాగితం కట్టల్లో వాడేసిన కాగితపు టీ కప్పులు దొరికి మిల్లువాళ్లు లారీని తిప్పి పంపారనీ, ఆ కప్పులు టైలర్ పిన్ని దుకాణానివనీ రాశాను. దారాన్ని బట్టే పోల్చుకున్నాను. రాయనిది ఏమిటంటే, ఆ కప్పుల దొంతర పట్టుకుని నేరుగా ఆమె దుకాణానికి వెళ్లాను. బట్టలివ్వడానికి వచ్చినవాళ్లు ముగ్గురున్నారు.

"చెత్త సరిగ్గా వేరు చేయమని ఎన్నిసార్లు చెప్పాలి? నీ వల్ల లారీ సరుకంతా పోయింది" అన్నాను.

పిన్ని మిషన్ ఆపలేదు. "ఆ దారం ఎందుకు కట్టానో మీ అమ్మనడుగు."

"అడిగేదేముంది, సాక్ష్యం చేతిలోనే ఉంది."

ఇరవై ఏళ్లుగా నీతో స్నేహంగా ఉన్న మనిషితో అలా మాట్లాడాను.

మర్నాటి నుంచి ఆమె తడీ పొడీ ఒకే సంచిలో పడేసింది. "వేరు చేసినా తిట్లే, చేయకపోయినా తిట్లే. చేయకపోతే పనైనా తగ్గుతుంది" అందట. వారం తిరిగేసరికి వీధిలో సగం ఇళ్లవాళ్లు అలాగే చేశారు. బండ్లు నాలుగైంది అప్పుడే. మిల్లు మేనేజరు ఫోన్ చేసి, ఇంకొక్క లోడు చూస్తాం, అదీ పాడైతే ఇక మీ కాగితం కొనం అన్నాడు.

అప్పుడొచ్చింది నీ ఉత్తరం. కప్పు లోపల ప్లాస్టిక్ పొర ఉంటుందనీ, మిల్లు తొట్టిలో అది కరగదనీ, కాగితంలో కలవకూడదనే పిన్ని దారం కడుతుందనీ రాశావు. దారం కనబడగానే నువ్వు వాటిని పక్క బుట్టలో వేసేదానివట. నేను షెడ్డుకు వెళ్లి ఒక కప్పు తీసుకుని, ఎడమ గ్లౌజు విప్పి, లోపల గోటితో గీకాను. పొర లేచింది. నువ్వు ఆ చేతి గ్లౌజు ఎందుకు తీసేస్తావో అప్పుడు తెలిసింది. కాగితం కప్పులే కదా అని దారంతో సహా కాగితం బుట్టలో వేసింది నేనే.

మర్నాడు దుకాణం తెరవకముందే వెళ్లాను. నలుగురు వచ్చేదాకా బయటే నిలబడ్డాను. తిట్టింది నలుగురిలో కదా.

"తప్పు నాది పిన్నీ. వేరు చేసింది నువ్వు, కలిపింది నేను."

"గట్టిగా చెప్పవే, మిషన్ చప్పుడుకి వినబడలేదు."

మిషన్ ఆగే ఉంది. మళ్లీ చెప్పాను.

"నోరు అచ్చం మీ నాన్నదే. చెయ్యి మాత్రం ఇంకా మీ అమ్మది కాలేదు" అని నవ్వింది.

ఆ రోజు నుంచి కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్ల చేతా కప్పు లోపల గీకిస్తోంది. గీకనంటే బట్టలు పది రోజులు ఆలస్యమట. వీధి మళ్లీ దారికొచ్చింది. ఇప్పుడు చాలా ఇళ్ల నుంచి కప్పులు దారంతోనే వస్తున్నాయి.

నిన్న లోడు వెళ్లింది. నాలుగు టన్నులు. మిల్లువాళ్లు పది కట్టలు విప్పి చూశారు. ఒక్క కప్పు లేదు. మొత్తం దింపుకున్నారు. ఆ కబురు తెలిశాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

దీంతో పాటు ఒక గ్లౌజు పంపుతున్నాను. పిన్ని మిగిలిన మందపు గుడ్డ ముక్కలతో కుట్టింది. ఎడమ చేతిది. గీకి చూడటానికి బొటనవేలి కొన దగ్గర తెరిచి ఉంచింది. నీ చేతి కొలత నన్నడగలేదు, తనకు గుర్తుందట. కుడి చేతిది కూడా కుట్టింది కానీ సొరుగులో పెట్టి తాళం వేసింది.

"అది పోస్టులో పంపను. వచ్చి తీసుకోమను" అంది.

ఇట్లు,
గ్లౌజు విప్పడం ఆలస్యంగా నేర్చుకున్న
నీ చిన్న కూతురు