సెల్ఫ్ అంటే ఆ సెల్ఫ్ కాదు

నేను కులాసా, ఇప్పుడు బండీ కులాసా. పోయిన కార్డులో “సెల్ఫ్ పోయింది, మార్పించాలి” అని రాస్తే, వడ్రంగిని పిలిచి వంటింట్లో గిన్నెల సెల్ఫ్ పీకించి కొత్తది పెట్టించావా మహాతల్లీ? నేను మొత్తుకున్నది లారీ సెల్ఫ్ గురించి. తాళం తిప్పితే ఇంజన్ని లేపే మోటారు అది. అది మొరాయించడంతో పల్లం చూసుకుని బండి ఆపాల్సి వచ్చేది. చదునులో ఆపానా, దారినపోయేవాళ్ల కాళ్లావేళ్లా పడి తోయించుకోవడమే. మేస్త్రీ విప్పి చూసి, “లోపలి కార్బన్ ముక్కలు అరిగాయంతే, మోటారు గట్టిదే” అని వాటినే మార్చాడు. అంటే బండికి పాతదే, ఇంటికే కొత్తది. పీకిన చెక్కలు పారేయకు, కోళ్లగూటికి పనికొస్తాయి. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? పిల్లలకు ముద్దులు.

వచ్చే నెల క్లచ్ ప్లేట్లు మార్పించాలి. నువ్వు వంటింట్లో ప్లేట్ల జోలికి వెళ్లకు.