టామో విత్తనం, పసుపు చిగురు

11 జూన్

చిగుళ్ళు పసుపెక్కాయి. కింది ఆకులు నిక్షేపంగా ఉన్నాయి. పైన కొత్తగా వచ్చిన రెండు జతలే పాలిపోయాయి, ఈనెలు మాత్రం పచ్చగా గీతలు గీసినట్టున్నాయి. నిన్న ఇలా లేదు. లేదా నిన్న నేను కళ్ళజోడు పెట్టుకోలేదు.

ఉన్నది ఈ ఒక్క మొక్కే. టామో ముప్పై ఏళ్ళు పరాయివాళ్ళ మొక్కజొన్న చేలల్లో దాచి పెంచిన రకం. మా సెప్టెంబరు వానలకి బూజు పట్టకముందే కోతకొచ్చే గంజాయి ఈ చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా లేదు. ఆయన పోయాక సొరుగులో తొమ్మిది విత్తనాలు దొరికాయి. మొలిచింది ఒకటే. అదృష్టం కొద్దీ ఆడమొక్క. కాస్త ఎదిగితే కొమ్మలు తుంచి నాటుకోవచ్చు, రకం నిలుస్తుంది. ఇది చస్తే నా మొగుడి ముప్పై ఏళ్ళూ చచ్చినట్టే.

12 జూన్

నీళ్ళే. ఇరవై ఆరేళ్ళు ఊరి నీటి లాబ్‌లో పనిచేసినదాన్ని, నాకు తెలియదా? కొళాయి నీళ్ళలో సున్నం ఎక్కువైతే మొక్కకి ఇనుము అందదు. ఇవాళ్టినుంచి వాననీళ్ళే పోస్తాను.

13 జూన్

మొక్కలు పెంచేవాళ్ళ ఆన్‌లైన్ ఫోరమ్‌లో ఫోటో పెట్టాను. పదకొండుమంది కలిసి పద్నాలుగు రోగాలు చెప్పారు. మెగ్నీషియం అన్నాడొకడు. పురుగు అన్నాడొకడు. మొక్కతో ప్రేమగా మాట్లాడుతున్నారా అని ఇంకొకడు అడిగాడు. బతికున్న టామోతోనే అంత ప్రేమగా మాట్లాడిన గుర్తు లేదు.

15 జూన్, ఆదివారం

సముద్రపు కరకట్ట మీదికి నడిచి వెళ్ళాను. మోకాలు నొప్పి.

ఫిబ్రవరిలో నేను ఆపరేషనయి ఆస్పత్రిలో ఉన్నప్పుడే టామో పోయాడు. అంతా ఆయన తమ్ముడు వియార్డే చూశాడు. హాలండ్ తీసుకెళ్ళి దహనం చేయించాడు. మా దేశంలో చట్టప్రకారం బూడిద శ్మశానం గేటు దాటకూడదు, సరిహద్దు అవతల అక్కడైతే చేతికిస్తారు. పడవెక్కి సముద్రంలో కలిపేశానని చెప్పాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆ సముద్రంతోనే నా మాటలు. ఇవాళ చిగుళ్ళ సంగతి చెప్పి గట్టిగా తిట్టాను. ముప్పై ఏళ్ళు పెంచి తొమ్మిదంటే తొమ్మిది విత్తనాలు మిగిల్చి పోతావా అని. కుక్కని తిప్పుతున్న ఒకాయన దారి మార్చుకుని వెళ్ళిపోయాడు.

16 జూన్

పక్కింటి ఆల్ముట్ కంచె మీంచి తొంగిచూసింది. నలభై ఏళ్ళుగా పుల్లమట్టిలోనే పెరిగే రోడోడెండ్రాన్ పూలు పెంచుతోంది. నీళ్ళని పట్టుకు వేళ్ళాడకు ఫ్రౌకే, ముందు మట్టి చూడు అంది. ఇది చిత్తడినేల, మట్టి పులుపు, కొలవాల్సిన పనేముంది అన్నాను. నీకన్నీ తెలుసులే తల్లీ, అందుకే నీ మొక్కకి కామెర్లు అంది. తలుపేసుకున్నాను.

17 జూన్

వియార్డ్ వచ్చాడు. ఈమధ్య రోజూ వస్తున్నాడు. నేరుగా పెరట్లోకి వెళ్ళి మొక్క ముందు నిలబడతాడు. పెళ్ళగించి వేళ్ళు చూద్దామనుకుంటున్నా అన్నాను. వాడి మొహం పాలిపోయింది. వద్దు వదినా, దాన్ని కదపకు, అదే సర్దుకుంటుంది అన్నాడు. నీకెలా తెలుసురా అంటే టీ పెట్టమన్నాడు. రెండు కప్పుల టీ తాగి లేచాడు. మూడోది తాగకుండా మా ఇంట్లోంచి ఎప్పుడూ లేవలేదు వాడు.

19 జూన్, ఉదయం 5.10

మూడో జత కూడా పసుపు. కొసలు మాడుతున్నాయి. వారం రోజులుగా నిద్ర లేదు. పైజమా మీదే వెళ్ళి చూసొస్తున్నాను. చూస్తే ఏమవుతుంది? అయినా చూస్తున్నాను.

20 జూన్

మట్టి కొలిచాను. పీహెచ్ 8.6. పులుపు కాదు, సున్నం.

మీటర్ కడిగి మళ్ళీ కొలిచాను. 8.6. నాలుగడుగుల అవతల 4.9. నా వృత్తి నీళ్ళు కాబట్టి తొమ్మిది రోజులు నీళ్ళు కొలుస్తూ కూర్చున్నాను. సిగ్గేసింది. ఆల్ముట్‌కి చెప్పలేదు.

20 జూన్, 11 గంటలు

వేలితో తవ్వాను. బెత్తెడు లోతున బూడిదరంగు ఇసుకలాంటిది, గరగరలాడుతోంది. ఎవరో సిమెంటు పారబోశారనుకున్నాను. మేలో నాకు మోకాలు వంగదని గొయ్యి తవ్వింది వియార్డే. ఫోన్ చేశాను. గోతిలో ఏం పోశావురా అన్నాను. వస్తున్నా, నేనొచ్చేదాకా ముట్టుకోకు వదినా, నీకు దణ్ణం పెడతా అన్నాడు.

అప్పుడే అర్థమైంది. తవ్విన మట్టిని వేలితోనే మళ్ళీ కప్పేశాను.

20 జూన్, సాయంత్రం

టామోయే అడిగాడట, పోయే రెండ్రోజుల ముందు. పోలీసులకి భయపడి ముప్పై ఏళ్ళు దీన్ని నేను దాచాను, ఇప్పుడు దీనికి చట్టం ఒప్పుకుంది, పెరట్లో నా బూడిదకే ఒప్పుకోవడం లేదు, కాబట్టి నన్ను దీని కింద దాచరా అన్నాడట. మీ వదినకి చెప్పకు, కొలతలు మొదలుపెడుతుంది అన్నాడట. నిజమే, పెట్టేదాన్ని. ఒక గుప్పెడు చాలనేదాన్ని. ఈ వెర్రివాడు మొత్తం పోశాడు.

టామో ఏ మొక్కకైనా ఎరువు ఎక్కువే వేసేవాడు, నేను తిట్టేదాన్ని. చచ్చాక కూడా అదే పని. నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఏడుపొచ్చింది. చేతిలో ఉన్న తడిగుడ్డతో వియార్డ్‌ని నాలుగు బాదాను, కిక్కురుమనకుండా కొట్టించుకున్నాడు. ఇన్ని ఆదివారాలు కుంటుకుంటూ వెళ్ళి ఉత్త నీళ్ళని తిట్టొచ్చాను. మనిషి నా పెరట్లోనే ఉన్నాడు.

21 జూన్

కదపకపోతే పది రోజుల్లో చస్తుంది. కదిపితే ఆయన కోరుకున్న చోటునుంచి లాగేసినట్టు. అన్న అడిగిందిదే కదా వదినా, వదిలెయ్ అంటాడు వియార్డ్. ఆయనకి ఈ చోటూ కావాలి, మొక్కా బతకాలి, ఒక గోతిలో రెండూ కుదరవురా అన్నాను. వాడు ఏడ్చాడు. నేను వంటింట్లో గిన్నెలన్నీ తోమాను, కడిగినవాటితో సహా.

22 జూన్, ఆదివారం

తవ్వాం.

వియార్డ్ కాండం పట్టుకున్నాడు, నేను వేళ్ళ కింద చేతులు పెట్టి లేపాను. తొట్టిలో వాననీళ్ళు పోసి వేళ్ళు కడిగాను. నీళ్ళు బూడిదరంగుకి తిరిగాయి. ఒక్క చుక్క బయట పోనివ్వకుండా మళ్ళీ గోతిలోనే పోశాను. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆయనకి నేనెప్పుడూ స్నానం చేయించలేదు.

బకెట్టుడు పుల్లమట్టి ఇస్తానని ఆల్ముట్ వచ్చింది. ఆ బూడిదరంగుదేంటి అని అడిగింది. సున్నం అన్నాడు వియార్డ్. ఆవిడ మా ఇద్దరి మొహాలూ చూసింది. చేతి తొడుగులు తీసి కాసేపు ఊరికే నిలబడింది. మొక్కని మాత్రం దూరంగా నాటండి అని చెప్పి వెళ్ళిపోయింది. అలాగే నాలుగడుగుల అవతల, ఆవిడ మట్టిలో నాటాం.

26 జూన్

వాడిపోయింది. నేనూ.

1 జూలై

ఇంకా రాలలేదు.

9 జూలై, ఉదయం 6.00

కొత్త చిగురు. పచ్చగా ఉంది. కళ్ళజోడు పెట్టుకునే చూశాను. పాత పసుపాకులు మళ్ళీ పచ్చబడవు, పడనీ.

వియార్డ్‌కి ఫోన్ చేస్తే చెప్పులు లేకుండా వచ్చాడు.

14 ఆగస్టు

రెండు కొమ్మలు తుంచి కిటికీలో పెట్టాను, రెండూ వేరు పట్టాయి. రకం నిలిచింది.

గొయ్యి పూడ్చి వదిలేయడానికి మనసొప్పలేదు. అంత సున్నాన్ని తట్టుకునేది, తట్టుకోవడమేమిటి, ఇష్టంగా తాగేది ఏముందా అని మూడు రోజులు ఆలోచించి, ఆ గోతి మీదే క్యాబేజీ జాతి ఆకుకూర, కేల్ నారు పెట్టాను.

24 నవంబరు

తొలి మంచు కురిసింది, ఆ చలికి గోతి మీది కేల్ ఆకు తీపెక్కింది. సాసేజీలు వేసి పెద్ద గిన్నెడు వండాను. ఇది తినొచ్చా వదినా అని అడిగాడు వియార్డ్. కూర్చో అన్నాను. వాడు రెండుసార్లు వడ్డించుకున్నాడు. నేను మూడుసార్లు.