నన్నడక్కుండా తిప్పిన గడియారం

28 అక్టోబరు 2020, బుధవారం

నా పేరు బుల్లెమ్మ. వయసు డెబ్బై నాలుగు — ఒకటి అటూ ఇటూ. ఉండేది పరదేశంలో, శాండీఫోర్డ్ అనే చోట, మూడో అంతస్తులో, కూతురు పద్మ ఇంట్లో. పద్మ, అల్లుడు శ్రీనివాసు, ఏడేళ్ల మనవరాలు మేఘ, ఎనిమిది నెలల పసివాడు, నేను. వాడి కాన్పుకని ఫిబ్రవరిలో వచ్చాను. మూడు నెలలన్నారు. విమానాలు ఆగిపోయాయి. ఇక్కడే పడి ఉన్నాను.

నాకు చదువు రాదు. నేను చెబుతున్నాను, అల్లుడుగారు రాస్తున్నారు. ఫిర్యాదు ఎవరిమీదో వారిచేతే రాయిస్తున్నాను. తల వంచుకుని రాస్తున్నారు. రాయనీ.

నా చెల్లెలు రత్నం సోమవారం తెల్లవారుజామున పోయింది. కాకినాడలో, ఆసుపత్రిలో. ఈ జబ్బుతోనే.

ఇవాళ్టికి ఇంతే.

29 అక్టోబరు

అక్షరాలు రావు గానీ గడియారం ముళ్లు వచ్చు. చిన్న ముల్లు, పెద్ద ముల్లు. బతకడానికి అవి చాలు.

వచ్చిన కొత్తలో అల్లుడుగారే నేర్పారు. "అత్తయ్యగారూ, మీ చేతి గడియారం తలకిందులుగా పట్టుకోండి. అదే మన ఊరి టైము." పట్టుకున్నాను. ఇక్కడ పన్నెండున్నర — తిప్పితే ఆరు. వెంటనే రత్నానికి ఫోను చేసి అడిగాను. "ఆరేనే అక్కా, దీపం పెడుతున్నా" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఇన్ని సముద్రాల దూరం… మణికట్టు తిప్పితే వచ్చేస్తోంది.

మార్చి నెలాఖరున ఈ దేశంవాళ్లు గంట ముందుకి తోశారు. నేను ఆరనుకుని చేస్తే అక్కడ ఐదు. "ఏంటే, కాసేపు నడుం వాల్చనివ్వవా" అని రత్నం విసుక్కుంది. అప్పుడు అల్లుడుగారి రెండో పాఠం — తిప్పి చూసి, ఒకటి తీసేయండి. ఏడు కనపడితే ఆరు. ఏడు నెలలు అలాగే చూశాను. ఒక్కరోజు తప్పలేదు.

30 అక్టోబరు

ఆసుపత్రి పద్ధతి. రత్నం మొహం నిండా గొట్టాలు. తను ఫోను నొక్కే స్థితిలో లేదు. సాయంత్రం ఆరింటికి నర్సమ్మ దాని ఫోను తీసి దాని మొహం ముందు పట్టుకుంటుంది. పది నిమిషాలు. తర్వాత పక్క మంచం. ఆ పది నిమిషాల్లోనే నేను ఇక్కడ రత్నం ఫొటో మీద నొక్కాలి. మూడు రోజులు నొక్కాను. మూడో రోజు శనివారం.

శనివారం సంగతి ఇప్పుడు చెప్పను.

31 అక్టోబరు

మొన్న ఆదివారం, ఈ దేశంవాళ్లు గంట మళ్లీ వెనక్కి లాగిన రోజు. స్నానానికి వెళ్తూ గడియారం తీసి దేవుడి అరలో పెట్టాను. పద్మ పసివాడితో నిద్రలో ఉంది. అల్లుడుగారు ఇల్లంతా తిరిగి గడియారాలు గంట వెనక్కి తిప్పారు. గోడది. పొయ్యి మీదది. దేవుడి అరలో ఉన్న నాదీ. నాతో ఒక్క మాట లేదు. మంచికే చేశారట. "మీకెందుకు శ్రమ అని, అత్తయ్యగారూ."

మధ్యాహ్నం తిప్పి చూశాను. ఆరు. ఒకటి తీశాను — ఐదు. ఇంకా గంట ఉంది కదా అని పసివాడికి నూనె రాశాను, నీళ్లు పోశాను, సాంబ్రాణి పొగ పట్టాను. తల దువ్వుకున్నాను, రత్నం చూస్తుందని. ఏడు కనపడ్డాక నొక్కాను. మోగింది. మోగింది. ఎవరూ ఎత్తలేదు. అక్కడ నిజంగానే ఏడు.

నా గడియారాన్ని దాని మానాన వదిలేసి ఉంటే నా లెక్క తప్పేది కాదు. ఈ ముక్క కింద గీత గీయమన్నాను.

గీశారు.

2 నవంబరు

అల్లుడుగారి వాదన కూడా రాయించాలి. లేకపోతే ముసల్ది ఒకవైపే చెప్పిందంటారు. "ఎండాకాలం ఆఫీసు అయ్యాక వెలుగుంటుందండీ."

మీ ఆఫీసంటే పడగ్గదిలోంచి హాల్లోకి రావడమేగా, దానికి సూర్యుడెందుకు — అన్నాను. పద్మ నవ్వు ఆపుకుని వంటింట్లోకి పోయింది.

జూన్‌లో రాత్రి పదైనా పొద్దు గుంకదు. దీపం ఎప్పుడు పెట్టాలో తెలియక అగ్గిపెట్టె పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. అయినా అబద్ధమెందుకు… ఆ వెలుగులో ట్రాము పట్టాల పక్కన మేఘతో నడిచాను. బాగుంది. చలికాలం గంట వెనక్కి తిప్పకపోతే ఈ పిల్లలు చీకట్లో బడికి పోవాలట. అదీ న్యాయమే. ఒప్పుకుంటాను.

కానీ చెప్పి తిప్పాలి. మనుషులు నిద్రపోయాక దొంగల్లా కాదు. తలుపు తట్టి, అమ్మా, నీ గంట ఒకటి తీసుకుంటున్నాం, అని చెప్పి తీసుకోవాలి.

"ఇప్పుడు తీసుకోవడం కాదండీ, అక్టోబరులో గంట ఇస్తారు" అన్నారు.

ఇచ్చారా. ఏదీ, చూపించండి.



9 నవంబరు

పక్క ఫ్లాటు మోరీన్ తలుపు దాకా వచ్చింది. నా ఈడుదే. మాస్కు, రెండు గజాల దూరం, మధ్యలో మాటలు చేరవేస్తూ మేఘ — దాని ఇంగ్లీషు ఇప్పుడు నాకు తెలుస్తోంది. ఈ తిప్పుడు మానేద్దామని ప్రభుత్వంలో పెద్దవాళ్లు ఎప్పుడో అనుకున్నారట. మానేస్తే పైన ఉత్తరాన, వేరే ఏలుబడిలో ఉన్నచోట ఒక టైము, ఇక్కడ ఒక టైము. ఒకే రోడ్డు మీద రెండు టైములని భయమట. నా ఒక్క మణికట్టు మీద ఎన్నున్నాయో అడగమన్నాను.

"షీ సేస్ షీ ఈజ్ సారీ ఫర్ యువర్ ట్రబుల్, అమ్మమ్మా."

దేనికే? గడియారానికా, చెల్లెలికా?

"బోత్, ఐ థింక్."

15 నవంబరు

నా గడియారం నేనే గంట ముందుకి పెట్టుకున్నాను. ఇల్లంతా ఒక టైము. నాదొక టైము.

21 డిసెంబరు

ఎనిమిదిన్నరకి ఇంకా తెల్లారలేదు. నాకు తొమ్మిదిన్నర. వంట నా టైముకే చేస్తున్నాను. "అమ్మా, పదకొండింటికి భోజనమేంటమ్మా?" అంటుంది పద్మ. నీకు పదకొండు, నాకు పన్నెండు. "ఎన్నాళ్లిలా?"

కంచం పెట్టి వడ్డించాను.

7 ఫిబ్రవరి 2021

శనివారం సంగతి. అల్లుడుగారు ఎప్పుడూ అడగలేదు. నేనే చెబుతున్నాను.

రత్నం గొట్టం కాస్త పక్కకి జరిపించుకుని అడిగింది — "అక్కా, నామీద కోపం పోయిందా?"

ఏ కోపమంటే. అమ్మ పోయిందని కబురొస్తే నేను అత్తవారి ఊర్నుంచి బయల్దేరాను. రేవులో, నది దాటించే పంటు ఆలస్యం. ఒడ్డు దిగి పరుగెత్తి వెళ్లేసరికి వాకిట్లో ఏమీ లేదు… కడిగేసిన నేల. పొద్దు గుంకుతోంది, ఇక ఆగలేం, ఎత్తండి అని రత్నమే అందట. గంట. ఒక్క గంట ఆగలేదు. ఇరవై రెండేళ్లు ఆ గంటతో దాన్ని పొడిచాను. పెళ్లిళ్లలో, పేరంటాల్లో, బాగా నవ్వుకుంటున్నప్పుడు కూడా మధ్యలో.

శనివారం అది అడిగితే — "రేపు చెబుతాలే" అన్నాను.

కోపం పోయిందని చెబుదామనే. ఒక్కరోజు బెట్టు చేద్దామని.

అల్లుడుగారి కలం ఆగింది. "అత్తయ్యగారూ…" అన్నారు. రాయండి, అన్నాను.

20 మార్చి

రత్నం కొడుకు బాబ్జీ ఫోను. ఆ నర్సమ్మ నంబరు దొరికిందట. ఆ ఆదివారం పది నిమిషాలూ ఆవిడ ఫోను పట్టుకునే నిలబడిందట. రత్నం ఏదో అందట. ఏమందిరా? "నర్సమ్మ నాకు చెప్పలేదు పెద్దమ్మా. 'మీ పెద్దమ్మకే చెబుతా' అంది."

27 మార్చి, శనివారం

ఈ రాత్రి మళ్లీ గంట ముందుకి. ఈసారి అల్లుడుగారు పొద్దున్నే వచ్చి ఎదురుగా నిలబడ్డారు. "రేపు గడియారాలు మారుస్తానండీ. మీది ముట్టుకోను."

ముట్టుకోనక్కర్లేదు. రేపు ఈ దేశమే నా గడియారం దగ్గరికొస్తుంది.

"గ్రాండ్" అంది మేఘ — ఇక్కడివాళ్ల భేష్ అది. నువ్వు గెలిచావమ్మా, అంది పద్మ. గెలిచినదాన్ని ఇలా ఉంటానా.

నర్సమ్మ నంబరుకి మేఘ పువ్వు బొమ్మ పెట్టింది, నేను గుర్తుపట్టాలని. వారంగా ఆ పువ్వు వంకే చూస్తున్నాను. నా లెక్క మారలేదు — ఏడు కనపడితే అక్కడ ఆరు. ఆరింటికి చేస్తే ఆవిడ ఎత్తుతుందట. రత్నం ఏమని ఉంటుంది… అక్క ఇంకా రాలేదా అందో. ఒక్క గంట ఆగలేకపోయిందా అందో. నన్ను తిట్టి ఉంటే బాగుండు.

తిప్పి చూశాను. ఏడు కావస్తోంది.

నొక్కలేదు.

అల్లుడుగారు మొదటినుంచీ అంతా చదివి వినిపించారు. ఒకచోట 'పొరపాటున' అని ఆయనే కలిపారు. కొట్టేయించాను. మిగతాది నా మాటే.

బుల్లెమ్మ కుడిచేతి బొటనవేలి ముద్ర — సిరా లేక, మేఘ ఊదా రంగుతో.

చూసినవాళ్లు: పద్మ. మోరీన్, గుమ్మం అవతల నుంచి.

రాసింది: శ్రీనివాసు.